విప్పకముందే

కారు గేరుబాక్సు చెప్పాపెట్టకుండా పాడవడం అరుదు. నెలల ముందు నుంచీ చెబుతూనే ఉంటుంది. చలికాలం పొద్దున్నే బండి తీసి, సందు మలుపులో మూడు నుంచి రెండుకు లాగితే గేరు రాడ్డు ఒక్క క్షణం మొరాయించి, సన్నగా కర్రుమని పడుతుంది. రెండు కిలోమీటర్లు పోయేసరికి ఆ మొరాయింపు ఉండదు. ఆఫీసుకు చేరేసరికి దాని సంగతే గుర్తుండదు. మర్నాడు మళ్లీ అదే. వేడెక్కాక సర్దుకుపోయేదాన్ని జబ్బుగా లెక్కపెట్టే అలవాటు మనకు లేదు. కొన్నాళ్లకు మిట్టమధ్యాహ్నం కూడా కర్రుమంటుంది. ఇంకొన్నాళ్లకు రెండో గేరు పడనే పడదు. ‘నిన్నటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి పోయింది’ అని అప్పుడు మెకానిక్కుతో అంటాం.

ఆ మొదటి కర్రు ఏ భాగంలోంచి వచ్చిందో పెట్టె విప్పకుండా పట్టుకోవడం గొప్ప పనితనం. విజయవాడ ఆటోనగర్‌లో ఎవరి విద్య వారిది. లారీ బాడీలు కట్టేవాళ్లు కొందరు, కమాను కట్టలు సరిచేసేవాళ్లు కొందరు, లేతు మీద షాఫ్టులు తిప్పేవాళ్లు, రేడియేటర్లకు టంకం పెట్టేవాళ్లు ఇంకొందరు. ఆ వీధుల్లో గేరుబాక్సులు, క్లచ్చులు తప్ప వేరే పని ముట్టని షెడ్డు ఒకటుంది. అక్కడి మేస్త్రి పని దగ్గర కూర్చుని చూశాను. విప్పి బిగించడంలో ఆయన చెయ్యి ఎంత నికరమైనదో ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది, విప్పకుండా వెనక్కి పంపిన బండ్లను చూసి.

ఒక కుర్రాడు చిన్న కారు తెచ్చాడు. ‘రివర్సు వేస్తే గరగరమంటోంది మేస్త్రి గారూ, ఫస్టు కూడా బిగుసుకుపోయింది. వేరేచోట చూపిస్తే గేరుబాక్సు దింపాల్సిందే అన్నారు’ అన్నాడు. ‘ముందు ఇంజను ఆపు బాబూ’ అన్నారాయన. ఆగిన బండిలో కూర్చుని ఒకటి నుంచి ఐదు దాకా, ఆ తర్వాత రివర్సు, రెండు వేళ్లతో వేసి తీశారు. ఒక్కటీ మొరాయించలేదు. ఇప్పుడు ఇంజను వేయించి, క్లచ్ పెడల్ నేలకానేదాకా తొక్కి, గేరు రాడ్డు మీద చెయ్యి పెట్టి ఊరుకున్నారు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి రివర్సు వేశారు. గర్రుమంది. ‘పెట్టె బాగానే ఉంది. క్లచ్ వదలడం లేదు’ అని కిందికి దిగారు.

ఆ పది అంకెల్లో ఉంది విద్యంతా. ఇంజను తిరుగుతుండగా క్లచ్ తొక్కితే, గేరుబాక్సులోకి వెళ్లే షాఫ్టు అప్పటిదాకా ఉన్న ఊపుతో ఇంకాస్త సేపు తిరుగుతుంది. చాలా బండ్లలో రివర్సు గేరుకు వేగాలను కలిపే ఏర్పాటు ఉండదు. అందుకని క్లచ్ తొక్కగానే రివర్సు వేస్తే బాగున్న బండి కూడా గర్రుమనవచ్చు. దాన్నిబట్టి ఏమీ తేలదు. పది లెక్కపెట్టేలోగా షాఫ్టు నిలిచిపోవాలి. అప్పటికీ తిరుగుతోందంటే క్లచ్ ప్లేటు ఫ్లైవీలును పూర్తిగా విడవకుండా ఎక్కడో రాసుకుంటోందన్నమాట. ఇంజను ఆపినప్పుడు అన్ని గేర్లూ హాయిగా పడ్డాయి కాబట్టి రాడ్డు నుంచి లోపలి ఫోర్కుల దాకా దారి సాఫీగానే ఉంది. రెండు పరీక్షలు, రెండు నిమిషాలు. సాగిన క్లచ్ కేబులును నట్టు తిప్పి సరిచేసి, పెడల్ పైన ఎంత ఖాళీగా ఆడుతోందో బొటనవేలితో నొక్కి చూసి, ‘ఈ కేబులు ఎక్కువ రోజులు రాదు, కొత్తది కొనిపెట్టుకో’ అని పంపేశారు. గేరుబాక్సు దింపి ఉంటే ఒక రోజు పనీ దానికి తగ్గ కూలీ. పైగా మళ్లీ ఎక్కించాక కేబులు ఎలాగూ సరిచేస్తారు, గేర్లు పడతాయి, గేరుబాక్సు బాగుచేసినందుకే పడ్డాయని అందరూ నమ్మేవాళ్లు.

కేబులు బదులు ఆయిల్‌తో పనిచేసే క్లచ్ ఉన్న బండ్లకు ఆయన అడిగే ప్రశ్న వేరు. ‘పెడల్ ఒకటికి రెండుసార్లు తొక్కితే గేరు పడుతోందా?’ పడుతోందంటే లైనులో గాలి చేరిందో, కింద సిలిండర్ కారుతోందో. ఆ మాట విన్నాక ఆయన గేరుబాక్సు వంక కూడా చూడరు.

ఒకసారికి ఒక్క సంగతే మార్చాలి, మిగతావన్నీ ఉన్నవున్నట్టు ఉంచాలి, మార్చినప్పుడు చప్పుడు మారిందా లేదా చూడాలి. ఆయన పద్ధతి ఇదే. బండి నిలబెట్టి, న్యూట్రల్లో ఇంజను వదిలేసి, క్లచ్ మీద కాలు పెట్టకుండా వింటారు. గుర్రుమనే మోత వస్తోందనుకోండి, మెల్లగా పెడల్ తొక్కుతారు. తొక్కగానే మోత ఆగిపోతే, క్లచ్‌తో పాటు ఆగిపోయేది ఏదో అదే దోషి. అంటే లోపలికి వచ్చే షాఫ్టు బేరింగులు. అదే, తొక్కకముందు నిశ్శబ్దంగా ఉండి, పెడల్ మీద కాలు ఆనగానే కీచుమంటే అది క్లచ్ రిలీజ్ బేరింగు. పెడల్ నొక్కినప్పుడే కదా దాని మీద భారం పడేది. న్యూట్రల్లో ఏ మోతా లేక, బండి కదిలాక అన్ని గేర్లలోనూ వేగంతోపాటు పెరిగే ఊళ వినిపిస్తే చూపు డిఫరెన్షియల్ వైపు, బయటికెళ్లే షాఫ్టు వైపు తిరుగుతుంది. ఒక్క మూడో గేరులోనే వస్తే ఆ ఒక్క జత పళ్లే. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను హౌసింగ్ మీద బేరింగున్న చోట ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు నొక్కిపెట్టి వింటారు. మొన నాలుగంగుళాలు జరిపితే మోత పలచబడుతుంది, మళ్లీ వెనక్కి జరిపితే చిక్కబడుతుంది. ఎక్కడ అన్నిటికంటే చిక్కగా ఉందో అక్కడ సుద్దముక్కతో గీత పెడతారు. గేరుబాక్సు దింపాక ఆ గీత కింద ఉన్న బేరింగునే మొదట వేళ్లతో తిప్పి చూస్తారు.

ఇక ఆ పొద్దుటి కర్రు సంగతి. దాని మూలం అరచేతిలో పట్టే ఇత్తడి రంగు రింగు. సింక్రోనైజర్ రింగు అంటారు, షెడ్డులో కుర్రాళ్లు ఇత్తడి రింగు అనే అంటారు. గేరుబాక్సులో పళ్లచక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మనం గేరు మార్చినప్పుడు కదిలేది పళ్లచక్రం కాదు, షాఫ్టుతో పాటు తిరిగే ఒక స్లీవు. అది జరిగి పక్కనున్న చక్రం అంచు పళ్లలో కూర్చోవాలి. చిక్కేమిటంటే రెండూ వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. కదులుతున్న బస్సు ఎక్కేవాడు దాని వేగం అందుకునేదాకా పక్కన పరుగెత్తినట్టు, స్లీవు పళ్లలో కూర్చునేముందు ఆ రెండు వేగాలూ ఒకటి కావాలి. ఆ పని ఈ రింగుది.

పూర్వం ఆ పని డ్రైవరు కాలిది. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, అవసరమైతే కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. దీన్నే డబుల్ క్లచ్ అనేవారు. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లకు సింక్రోమెష్ గేరుబాక్సు వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్. మొదట పై గేర్లకే ఉండేది. మన పాత అంబాసిడర్లలోనూ మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. బండి పూర్తిగా ఆగితేగాని ఫస్టు వేయకూడదని పాతకాలపు టాక్సీ డ్రైవర్లు శిష్యులకు చెప్పింది అందుకే. ఆ మాట ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తుంది, కారణం తెలియకపోయినా.

మేస్త్రి ఒక కొత్త రింగును, అరిగిన రింగును పక్కపక్కన పెట్టి చూపించారు. బయటివైపు చిన్న చిన్న పళ్లు, వాటి కొనలు రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి ఉంటాయి. లోపలివైపు గిన్నెలా కాస్త వాలు. ఆ వాలు మీద వెంట్రుకంత సన్నని గాడులు, మర చుట్లలాగా. అక్కడక్కడా వాటిని నిలువునా కోస్తూ వెడల్పాటి కాలవలు. స్లీవు జరగడం మొదలవగానే రింగును ముందుకు నెడుతుంది. రింగు లోపలి వాలు, గేరు మీది ఉక్కు వాలును పట్టుకుంటుంది. మధ్యలో ఆయిల్ పొర ఉంది. ఆ సన్నని గాడుల అంచులు ఆయిల్‌ను తెగ్గోస్తే, నిలువు కాలవలు దాన్ని బయటికి పంపేస్తాయి. అప్పుడు లోహం లోహాన్ని పట్టి, గేరు వేగాన్ని షాఫ్టు వేగానికి లాగుతుంది. ఆ లాగుడు ఉన్నంతసేపూ రింగు కొద్దిగా పక్కకు తిరిగి ఉంటుంది. దాని పళ్ల కొనలు స్లీవుకు అడ్డం నిలబడతాయి. మనం ఎంత బలంగా నెట్టినా స్లీవును పోనివ్వవు. వేగాలు ఒకటైన మరుక్షణం లాగుడు పోతుంది, అడ్డం నిలబడే బలమూ పోతుంది. ఏటవాలు కొనలు రింగును సున్నితంగా పక్కకు జరుపుకుని స్లీవు లోపలికి వెళ్లి కూర్చుంటుంది. ఇదంతా మన చెయ్యి మూడు నుంచి రెండుకు వచ్చే లోపల జరిగిపోతుంది. వేగాలు కలవకముందు తలుపు తీయకపోవడం, కలిసిన క్షణంలో దానంతటదే తీయడం. ఈ రెండు పనులనూ మోటారూ తీగా ఏమీ లేని ఒక ఇత్తడి ముక్క చేస్తుంది. దీని కంటే అందమైన ఏర్పాటు కారు మొత్తంలో నాకు కనిపించలేదు.

అరిగిన రింగులో గాడుల అంచులు చదునై నిగనిగలాడుతున్నాయి. చూపులకు అదే అందంగా ఉంది, నునుపుగా. ఆ నునుపే జబ్బు. ఆయిల్‌ను కోసే అంచు లేనప్పుడు రింగు ఆయిల్ పొర మీద జారుతుంది, గేరును పట్టదు. పట్టులేని రింగు సరిగా అడ్డం నిలవదు. వేగాలు కలవకముందే స్లీవు దాటిపోయి పళ్లకు పళ్లు తగులుతాయి. మనకు వినిపించే కర్రు అదే. పొద్దున్నే ఎందుకు వస్తుందో ఇప్పుడు తేలికగానే అర్థమవుతుంది. చల్లారిన ఆయిల్ చిక్కగా ఉంటుంది, మొద్దుబారిన అంచులు దాన్ని కోయలేవు. వేడెక్కి పలచబడ్డాక ఇంకా మిగిలిన కాస్త పదునే సరిపోతుంది. కనక వేడెక్కితే పోయే మొరాయింపు బండి బాగుపడిందనడానికి గుర్తు కాదు, రింగులో ఇంకా కాస్త ప్రాణం ఉందనడానికి గుర్తు. ముందు రెండో గేరుదే ఎందుకు పోతుందంటే, ఊళ్లో తిరిగే బండిలో చెయ్యి మాటిమాటికీ దాని దగ్గరికే వెళుతుంది, పైగా కింది గేర్ల మధ్య వేగాల తేడా ఎక్కువ.

అనుమానం తీర్చుకోవడానికి మేస్త్రి బండి నడుపుతూ అదే గేరును పాతకాలపు డబుల్ క్లచ్‌తో వేస్తారు. మామూలుగా వేస్తే కర్రుమన్నది, డబుల్ క్లచ్ చేస్తే చప్పుడు లేకుండా పడితే, రింగు చేయలేని పనిని ఆయన కాలు చేసిందన్నమాట. తప్పు రింగుదేనని అక్కడికి తేలిపోతుంది.

గేరుబాక్సు దించాక కూడా ఆయన కళ్లను నమ్మరు. రింగును దాని గేరు మీద పెట్టి, రెండు బొటనవేళ్లతో సమానంగా నొక్కి, రింగు పళ్లకూ గేరు అంచు పళ్లకూ మధ్య సందులో ఫీలర్ గేజి రేకు దూర్చి చూస్తారు. ఒక్కచోట కాదు, చుట్టూ మూడు చోట్ల. చాలా చిన్న కార్లలో కొత్త రింగుకు ఆ సందు సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది. అరిగేకొద్దీ రింగు వాలు మీద లోపలికి దిగిపోయి సందు తగ్గుతుంది. 0.5 మిల్లీమీటరు రేకు దూరకపోతే ఆ రింగు అవతల పెట్టాల్సిందే. తర్వాత చూసే పని ఇంకా నాకు నచ్చింది. నొక్కిన రింగును చేత్తో తిప్పబోతారు. పట్టున్న రింగు కదలదు, పట్టు పోయింది గిర్రున తిరుగుతుంది. బాగున్న రింగులను ఏ గేరువి ఆ గేరుతోనే తీగకు గుచ్చి వరసగా వేలాడదీస్తారు. చూడటానికి అన్నీ ఒకటే. కానీ ఒకే వాలు మీద కలిసి అరిగిన జతను విడదీసి వేరే గేరుకు వేస్తే మళ్లీ పట్టు కుదరదని ఆయన పట్టుదల. కుర్రాడు ఒకసారి రెండు రింగులు తారుమారు చేస్తే, ఏమీ అనకుండా అన్నిటినీ గేజితో మళ్లీ కొలిచి దేనిది దానికి చేర్చారు. సాయంత్రం దానికి పట్టిన అరగంటకు ఎవరూ డబ్బులివ్వరు.

చేతిని గేరు రాడ్డు మీద ఆనించి బండి నడిపేవాళ్లను చూస్తే ఆయన ఊరుకోరు. రాడ్డు కిందుగా వెళ్లి లోపల ఫోర్కును కదుపుతుంది. ఫోర్కు తిరుగుతున్న స్లీవు గాడిలో ఉంటుంది. చేతి బరువు వల్ల ఆ ఫోర్కు ఎప్పుడూ స్లీవు అంచును రాసుకుంటూ అరుగుతుంది. అరిగిన ఫోర్కు స్లీవును చివరిదాకా నెట్టదు. ఇక వచ్చేది రెండో రకం ముందస్తు గుర్తు, గేరు ఎగిరిపోవడం.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే గేరు దానంతటది న్యూట్రల్‌కు వచ్చేస్తుంది. ఊళ్లో ఇది చికాకు మాత్రమే. ఘాట్ రోడ్డు మీద ప్రాణాంతకం. తిరుమల నుంచి కిందికి వచ్చేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా. ఆ మలుపుల్లో రెండో గేరులో ఇంజను పట్టుతో దిగాలి, బ్రేకులు అవసరానికే. గేరు ఎగిరిపోతే ఆ పట్టు మొత్తం ఒక్కసారిగా పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అందుకే కొండకు బయల్దేరేముందు బండి చూపించుకోవడానికి వచ్చేవాళ్ల బండ్లను ఆయన బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీదికి తీసుకెళతారు. ఎక్కేటప్పుడు పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే క్లచ్ సంగతి తెలుస్తుంది. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది. దిగేటప్పుడు కాలు తీసి, రాడ్డును ముట్టుకోకుండా, దాని కదలికను మాత్రమే చూస్తారు. తీసిన ప్రతిసారీ, తొక్కిన ప్రతిసారీ రాడ్డు ముందుకూ వెనక్కీ ఊగుతుంటే అక్కడితో ఆగి బానెట్ తెరుస్తారు.

ఎందుకంటే గేరు ఎగిరిపోవడానికి కారణం చాలాసార్లు గేరుబాక్సులో ఉండదు. ఇంజనునూ గేరుబాక్సునూ కలిపి మోసే రబ్బరు మౌంటింగు చిరిగితే, తొక్కినప్పుడు మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది, కాలు తీస్తే ఇంకో పక్కకు. ఆ ఊపుకు గేరు రాడ్డు కూడా లాగబడుతుంది. హ్యాండ్ బ్రేకు వేయించి, కుర్రాడితో ఫస్టులో కొంచెం, రివర్సులో కొంచెం క్లచ్ వదిలిస్తూ, ఇంజను ఎంత ఒరుగుతోందో పక్కన నిలబడి చూస్తారు. మౌంటింగు ఖరీదుకూ గేరుబాక్సు పనికీ పోలికే లేదు. మౌంటింగులు గట్టిగా ఉండి, లింకేజీ కూడా సరిగా ఉంటేనే లోపల గేరును కదలకుండా నిలిపే బంతీ స్ప్రింగూ బలహీనపడ్డాయా, గేరు అంచు పళ్లు గుండ్రంగా అరిగాయా అన్న ప్రశ్న వస్తుంది. ఆ పళ్ల పక్కలను కొద్ది డిగ్రీల వాలుతో చెక్కుతారు, బరువు పడేకొద్దీ స్లీవు ఇంకా లోపలికి లాక్కునేలా. ఆ వాలు అరిగి తిరగబడితే అదే బరువు స్లీవును బయటికి తోసేస్తుంది.

జబ్బు కానివాటినీ గుర్తుపట్టాలి. రివర్సులో వచ్చే సన్నని ఊళకు భయపడి వచ్చేవాళ్లున్నారు. ముందుకెళ్లే గేర్లకు పళ్లు వాలుగా కోసి ఉంటాయి, ఒక పన్ను మెల్లగా ఇంకో పన్ను మీదికి జరుగుతుంది కాబట్టి చప్పుడుండదు. రివర్సుకు చాలా బండ్లలో నిలువు పళ్లు, అవి కూస్తాయి. పుట్టిన రోజు నుంచీ కూసేదే. స్టీరింగు పూర్తిగా తిప్పి బండి కదిలించినప్పుడు టకటకమంటే అది చక్రాలకు వెళ్లే యాక్సిల్ జాయింటు. రోడ్డు వంపులో ఒక పక్కకు తిరిగితే పెరిగి, ఇంకో పక్కకు తిరిగితే తగ్గే హోరు చక్రం బేరింగుది. ఇలాంటివి విని గేరుబాక్సు విప్పడం ఆయన దృష్టిలో తప్పు పని.

ఆయిల్ దగ్గరికి వస్తే ఆయన నియమం ఒకటి కంఠస్థం చేసుకోదగ్గది. ముందు పైన నింపే ప్లగ్గు విప్పాలి, తర్వాతే కింద దింపే ప్లగ్గు. తుప్పుపట్టి పై ప్లగ్గు రాకపోతే ఉన్న ఆయిల్ పోగొట్టుకుని బండి కదపలేని స్థితి వస్తుంది. కింది ప్లగ్గుకు చాలా బండ్లలో అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిదరంగు మెత్తని ముద్ద ఉంటే సహజం, ఏళ్ల తరబడి పళ్లు ఒరుసుకున్న పొడి అది. గోటికి తగిలే ఉక్కు పెళ్లలు ఉంటే పళ్లో బేరింగో పెచ్చులూడుతోంది. ఆయిల్‌ను తెల్లగుడ్డ మీద వేసి ఎండలోకి వంచినప్పుడు బంగారు రజను మెరిస్తే అది రింగుల నుంచి వచ్చింది. ఇత్తడి కదా, అయస్కాంతానికి అంటదు, గుడ్డ మీద వెతకాల్సిందే. ఆ రజను ఎంత ఉందో చూసి, రింగులు ఇంకా ఎంతకాలం వస్తాయో ఒక అంచనా చెబుతారు.

కొత్త ఆయిల్ కంపెనీ పుస్తకంలో ఉన్నదే పోయాలి. పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-5 ఇంకా మంచిదేమో అని పోయడం చాలామంది చేసే పొరపాటు. అంకె పెద్దది కాబట్టి మేలు రకం అనిపిస్తుంది. డిఫరెన్షియల్ పళ్ల మీద పడే విపరీతమైన భారానికి తట్టుకోవడానికి జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. వాటిలో కొన్ని ఇత్తడిని తినేస్తాయి, పైగా ఆ జారుడు రింగు పట్టును తగ్గిస్తుంది. ‘జీవితకాలం మార్చనక్కర్లేని ఆయిల్’ అన్న మాటను కూడా మేస్త్రి ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. మన ఎండలు, మన ట్రాఫిక్, మన లోడ్లు చూశాక రెండు లీటర్ల చిల్లర ఆయిల్ మార్చడం ఒక బండికి చేయగలిగిన అతి చవకైన మేలు.

ఆటోమేటిక్ బండ్లు ఇప్పుడు ఆటోనగర్‌కు కూడా బాగా వస్తున్నాయి. మన దేశంలో ఏఎంటీ కార్లు 2014లో సెలేరియోతో మొదలయ్యాయి. ఏఎంటీ అంటే లోపల అవే పళ్లచక్రాలు, అదే ఇత్తడి రింగు. గేరు మార్చే చెయ్యీ క్లచ్ తొక్కే కాలూ మాత్రం యంత్రానివి. దాంతో మన అరచేతికి తెలియాల్సిన మొరాయింపు ఆ యంత్రానికి మాత్రమే తెలుస్తుంది. మనకు మిగిలేవి ఆలస్యాలు. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు మునుపటి కంటే ఎక్కువసేపు ఊపిరి బిగబట్టినట్టు ఆగడం, కదిలేటప్పుడు గడగడ వణకడం, ఒక్కోసారి న్యూట్రల్‌లోకి పోయి దీపం వెలిగించడం. ఎత్తు మీద బ్రేకు బదులు యాక్సిలరేటర్‌తో బండి నిలబెట్టే అలవాటు ఈ బండ్లలో క్లచ్‌ను అన్నిటికంటే ముందు కాల్చేస్తుంది. మేస్త్రి స్కానర్ పెట్టించి అంకెలు చదువుతారు, తర్వాత తప్పనిసరిగా బండి ఎక్కి నడుపుతారు. అంకె ఏ సెన్సరు ఫిర్యాదు చేసిందో చెబుతుందిగాని, ఎందుకు చేసిందో చెప్పదని ఆయన అనుభవం.

టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు ఆటోమేటిక్‌లలో గుర్తులు తరచూ దీనికి తలకిందులు. పొద్దున్న బాగుండి, వేడెక్కాక ట్రాఫిక్‌లో మొదలవుతాయి. ఆయిల్ పలచబడి, గట్టిబడిన సీళ్ల పక్కనుంచి ఒత్తిడి కారిపోతుంది మరి. బ్రేకు మీద కాలు పెట్టి న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కు వేస్తే బండి దాదాపు వెంటనే పట్టాలి. రెండు సెకన్లు తడబడి దభీమని పట్టుకుంటే చూపించుకోవాల్సిన రోజు వచ్చినట్టే. యాక్సిలరేటర్ మీద తేలికగా కాలు పెట్టి నిలకడగా వెళుతుంటే స్టీరింగులో సన్నని వణుకు వచ్చి, కాస్త గట్టిగా తొక్కగానే పోతే కన్వర్టర్ లాకప్ క్లచ్ మీద అనుమానం. ఈ రెండూ తొలిదశలో ఆయిల్ మార్పుతోనే సర్దుకున్న బండ్లున్నాయి. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లబడి మాడువాసన వేస్తే మాత్రం ఆలస్యమైందనే అర్థం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులు మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. ఆ తర్వాత వచ్చిన బండ్ల వాళ్లలో చాలామంది ఇంజను గురించే ఆలోచించారు, గేరుబాక్సుకు పైన ఊపిరి పీల్చే చిన్న గొట్టం ఉంటుందని తెలియక. నీటిమట్టం ఆ గొట్టం దాటితే నీళ్లు లోపలికి దిగుతాయి. నడిచి వేడెక్కిన గేరుబాక్సు చల్లని నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని నీటిని ఇంకా లాక్కుంటుంది. నీళ్లు కలిసిన ఆయిల్ పాలుపోసిన టీ రంగుకు తిరుగుతుంది. వెంటనే దింపేసి, కొత్తది పోసి కాసేపు నడిపి, అదీ దింపేసి మళ్లీ పోస్తే గేరుబాక్సు బతుకుతుంది. వారాలు అలాగే ఉంచితే బేరింగు గుండ్ల మీద తుప్పు చుక్కలు పడతాయి, ఆ గుర్రుమోత కొన్ని నెలల తర్వాత మొదలవుతుంది, అప్పటికి బండి చేతులు మారి ఉండొచ్చు.

పాత కారు కొనేవాళ్లు అందుకే ఆయన దగ్గరికి వస్తారు. ఆయన ముందు నింపే ప్లగ్గు విప్పి చిటికెనవేలు లోపలికి పెట్టి ఆయిల్ రంగు చూస్తారు. నింపే రంధ్రం అంచు దాకా ఆయిల్ ఉందా, హౌసింగ్ చుట్టూ కొత్తగా తుడిచిన జాడ ఉందా చూస్తారు. అమ్మేవాళ్లు ముందే వేడెక్కించి తెచ్చిన బండిని పరీక్షించరు. ‘ఈ రాత్రికి ఇక్కడే వదిలేయండి, పొద్దున్న నేను తీస్తాను’ అంటారు. వదలడానికి ఒప్పుకోని బండి గురించి ఆయన అభిప్రాయం కొనేవాళ్లకు ఒక్క ముక్కలో చెబుతారు. ఒప్పుకున్న బండిని మర్నాడు ఆరింటికి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే, ఆయనే తాళం తిప్పి బయటికి తీసి, వీధి చివర మలుపులో మూడు నుంచి రెండుకు లాగుతారు. తర్వాత దిగి, కాగితం మీద ఏ భాగం ఎన్నాళ్లు వస్తుందో, ఏది ఎంత ఖర్చవుతుందో రాసి, బేరం మాట్లాడుకోమని ఇస్తారు.